పేనుకొరుకుడుకు మింగే మందులు: ఏది, ఎవరికి, ఎంతకాలం?

పేనుకొరుకుడు అన్న పేరు ఎవరు పెట్టారో గాని, పాపం, పేను మీద పెద్ద అభాండం వేశారు. తలలో రూపాయి బిళ్ళంత మేర వున్నట్టుండి నున్నగా అయిపోతే, రాత్రికి రాత్రి పేను కొరికేసిందనుకోవడం మనవాళ్లకి అలవాటు. పేనుకి రక్తం పీల్చడమే తెలుసు. వెంట్రుక కొరకడం దానికి చేతకాదు. పేను ఒక్కటీ లేని తలల్లో కూడా ఈ మచ్చలు వస్తాయి. గడ్డంలో, మీసంలో, కనుబొమ్మల్లో కూడా వస్తాయి. మన ఆయుర్వేదంలో దీన్ని ఇంద్రలుప్తం అన్నారు. ఇంగ్లీషు వైద్యంలో అలొపీషియా ఏరియాటా అంటారు.

నేను చర్మవ్యాధుల వైద్యం మొదలుపెట్టి 40 ఏళ్లు దాటింది. గురివింద గింజ అరగదీసి పట్టించుకుని బొబ్బలెక్కిన తలలు చూశాను. ఉల్లిపాయతో, వెల్లుల్లితో రుద్ది రుద్ది పుండ్లు పడ్డ తలలు చూశాను. ఈ మధ్య నాలుగైదేళ్లుగా మాత్రం వచ్చేవాళ్ల ప్రశ్న మారింది. “దీనికి కొత్తగా బిళ్ళలు వచ్చాయటగా డాక్టరమ్మగారూ, వాటిలో ఏది మంచిదండీ?” అని అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. కాని ఒక్క ముక్కలో జవాబు చెప్పడానికి వీల్లేని ప్రశ్న. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంతకీ జరిగేదేమిటి?

మన ఒంట్లోకి క్రిములు వస్తే వెతికి పట్టుకుని చంపే సైన్యం తెల్ల రక్తకణాలు. వెంట్రుక మొదలు మామూలుగా ఈ సైన్యం కంటపడకుండా మరుగున వుంటుంది. అది ప్రకృతి చేసిన ఏర్పాటు. ఏ కారణం వల్లనో ఆ మరుగు తొలగిపోతే, టి కణాలనే సిపాయిలు సొంత ఇంటినే శత్రువు స్థావరం అనుకుని ముట్టడిస్తారు. ఆ చోటి నుంచి చిన్న చర్మం ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే వెంట్రుక మొదలు చుట్టూ తేనెటీగల గుంపు మూగినట్టు కనిపిస్తుంది. వెంట్రుక ఊడిపోతుంది.

ఇందులో ఒక మంచి సంగతి వుంది. ముట్టడి జరుగుతుందే గాని కోట కూలదు. వెంట్రుక పుట్టే కుదురు చావదు. ముట్టడి ఎత్తేస్తే ఏళ్ల తర్వాతైనా మళ్లీ మొలవవచ్చు. ఈ జబ్బుకి మందులన్నీ ఆశపెట్టుకున్నది ఈ ఒక్క విషయం మీదనే.

నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుంది. అంటు కాదు. ఒకరి దువ్వెన ఒకరు వాడితే రాదు. మనోవ్యథ వల్లనే వచ్చిందని రోగిని నిందించడం కూడా న్యాయం కాదు. ఇంట్లో ఎవరికైనా వుంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువ. థైరాయిడ్ జబ్బు, బొల్లి వున్నవారిలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు వుంటే జబ్బు కొంచెం మొండిదని అనుమానించాలి. ఒక్క జాగ్రత్త: పిల్లల తలలో పొట్టు రాలుతూ, దురదపెడుతూ, విరిగిన వెంట్రుకలతో మచ్చ వుంటే అది తామర కావచ్చు. దాని వైద్యం పూర్తిగా వేరు.

అందరికీ బిళ్ళలు అక్కర్లేదు

ఒకటో రెండో చిన్న మచ్చలతో వచ్చినవాళ్లకి నేను మొదట చెప్పే మాట, కంగారు పడవద్దని. ఇలాంటివాళ్లలో సుమారు సగం మందికి ఏడాదిలోగా ఏ మందూ లేకుండానే జుట్టు వచ్చేస్తుంది. గురివింద గింజకీ, వెల్లుల్లికీ పేరు వచ్చింది ఈ సగం మంది పుణ్యమే. ఆగలేమన్నవారికి మచ్చలో ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్‌ని సన్నని సూదితో నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఇస్తే చాలు. దీనికోసం ఒళ్లంతా పాకే మందు మింగడం, ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకోవడమే.

మింగే మందుల మాట వచ్చేది జబ్బు బాగా వ్యాపించినప్పుడు. ఎంత వ్యాపించిందో కొలవడానికి ఒక లెక్క వుంది. మొత్తం తలని 100 పాళ్లు అనుకుంటే నడినెత్తికి 40, వెనక భాగానికి 24, కుడివైపు 18, ఎడమవైపు 18. ఒక్కొక్క చోట ఎంత మేర జుట్టు పోయిందో చూసి కూడితే వచ్చే అంకెను సాల్ట్ స్కోరు అంటారు. సున్నా అంటే నిండు జుట్టు, 100 అంటే పూర్తి బోడి. కొత్త మందుల పరీక్షలన్నీ స్కోరు 50, అంతకుపైన వున్నవారి మీదే జరిగాయి. అంకె చిన్నదైనా కనుబొమ్మలూ, కనురెప్పల వెంట్రుకలూ పోయినా, జబ్బు వారం వారం పరుగెడుతున్నా, మనిషి నలుగురిలోకి రాలేకపోతున్నా డాక్టరు మింగే మందు గురించి ఆలోచిస్తారు.

ముహూర్తం ముందు వచ్చిన పిల్ల

2023 మే నెలలో ఒక మాష్టారు తన కూతుర్ని తీసుకువచ్చారు. 26 ఏళ్ల పిల్ల, ఉద్యోగం చేసుకుంటోంది. చున్నీ తీస్తే తలలో 70 పాళ్లు ఖాళీ. నాలుగు నెలల్లో జరిగిందిది. ఒక కనుబొమ్మ పూర్తిగా పోయింది. నిజ శ్రావణంలో పెళ్లి ముహూర్తం.

“ఎంత గట్టి మందైనా ఫరవాలేదు డాక్టరుగారూ, మూడు నెలల్లో జుట్టు రావాలి” అన్నారు తండ్రి. తల్లి ఏమీ మాట్లాడలేదు, కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆ అమ్మాయి నన్ను అడిగింది మాత్రం వేరు. “ఏ మందు ఎంత పనిచేస్తుందో, ఎంత చెరుపు చేస్తుందో రెండూ చెప్పండి మేడమ్. నేను ఆలోచించుకుంటాను” అంది.

ఆవిడకి ఆ పూట చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

స్టెరాయిడ్లు

అన్నిటికంటే పాతవి, చవక, తొందరగా పనిచేసేవి. 1952లోనే అమెరికాలో డిలహా, రోత్‌మన్ అనే వైద్యులు ఈ జబ్బుకి కార్టిసోన్ నోటిద్వారా ఇచ్చి చూశారు. ఊళ్లో అల్లరి జరుగుతుంటే కర్ఫ్యూ పెట్టినట్టు వుంటుంది వీటి పని. అల్లరి ఆగుతుంది, కాని పాలవాడూ రాడు, బడీ నడవదు. రోజూ నెలల తరబడి మింగితే మొహం ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది, షుగరు, రక్తపోటు ఎక్కుతాయి, ఎముకలు పలచబడతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి, పిల్లల్లో ఎదుగుదల కుంటుపడుతుంది.

ఈ చెరుపు తగ్గించడానికి మన దేశంలో మంచి కృషి జరిగింది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు బీటామెథసోన్‌ని వారంలో వరసగా రెండు రోజులు మాత్రమే ఇచ్చే పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. నెలకి ఒక్కసారి 300 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఇచ్చే పద్ధతిని 1996లో ప్రకటించారు. వారానికోసారి 200 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇచ్చి, ఉత్తుత్తి బిళ్ళతో పోల్చి చూసిన ఫలితాలు 2005లో వచ్చాయి. మందు మింగినవారిలో కొందరికి చక్కగా జుట్టు వచ్చింది. వారిలో కొందరికి తర్వాత మళ్లీ రాలింది.

నా అనుభవమూ అంతే. జబ్బు కొత్తది, జోరుగా పరుగెడుతున్నప్పుడు దానికి కళ్లెం వేయడానికి కొద్దికాలం స్టెరాయిడ్ మంచిదే. ఏళ్లపాటు నడపడానికి కాదు. ఒకాయన ఎక్కడో రాయించుకున్న పాత చీటీ చూపించి మందుల షాపులో ఎనిమిది నెలలు అవే బిళ్ళలు కొనుక్కుని మింగాడు. నా దగ్గరకు వచ్చేసరికి తలలో జుట్టు వుంది, రక్తంలో షుగరు కూడా వుంది. ఇంకో ప్రమాదం ఏమిటంటే, ఇలా చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా మానేయకూడదు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి వుంటుంది. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మెథోట్రెక్సేట్, దాని తోడివాళ్లు

కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి దశాబ్దాలుగా వాడుతున్న మందు మెథోట్రెక్సేట్. ఈ జబ్బుకి కూడా చాలాకాలంగా ఇస్తున్నాం. అసలు బలమెంతో 2023లో అచ్చయిన ఒక ఫ్రెంచి పరీక్ష తేల్చింది. తలంతా లేదా ఒళ్లంతా వెంట్రుకలు పోయిన 89 మందిని తీసుకున్నారు. మెథోట్రెక్సేట్ ఒక్కటే మింగినవారిలో ఏడాది చివరికి జుట్టు దాదాపు పూర్తిగా వచ్చింది ఒకే ఒక్కరికి. దానికి కొద్ది మోతాదు ప్రెడ్నిసొలోన్ వర్గం స్టెరాయిడ్ తోడు చేస్తే 35 మందిలో ఏడుగురికి వచ్చింది. ఆ ఏడుగురిలో అయిదుగురు ఏడాదిపాటు మెథోట్రెక్సేట్ వాడిన 16 మందిలోని వారే. అంటే ఒంటరిగా ఇది బలహీనురాలు, జంటగా ఫరవాలేదు, ఓపిక మాత్రం కావాలి.

ఈ మందు విషయంలో ప్రతి ఇంటా గోడ మీద రాసిపెట్టుకోవలసిన మాట ఒకటుంది. ఇది వారానికి ఒక్క రోజు మింగే మందు. రోజూ మింగేది కాదు. పొరపాటున రోజూ మింగితే నోరంతా పుళ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం మింగాలో చీటీ మీద తెలుగులో రాయించుకోండి. డాక్టరు చెప్పిన రోజుల్లో ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. సారా ముట్టకూడదు. కాలేయం, రక్తకణాల పరీక్షలు మానకూడదు. గర్భం దాల్చదలచినవారు నెలల ముందే ఆపాలి, ఎందుకంటే ఇది పిండానికి హాని చేస్తుంది.

అజాథయోప్రిన్ మరొకటి. నిదానంగా పనిచేస్తుంది. ఇది కొందరికి పుట్టుకతోనే పడదు. మనవాళ్లలో ఎన్‌యుడిటి15 అనే జన్యువులో తేడా వున్నవారికి ఈ మందు పడి తెల్లకణాలు పడిపోవడమే గాక, వున్న జుట్టు కూడా గుత్తులుగా రాలుతుంది. జుట్టు కోసం మింగిన మందే జుట్టు రాల్చడం కంటే విడ్డూరం ఏముంది? అందుకని ముందు జన్యు పరీక్ష చేయించడం, మొదటి వారాల్లో రక్తపరీక్ష మానకపోవడం మంచిది.

సైక్లోస్పోరిన్ మింగితే ఒంటిమీద అక్కర్లేని చోట్ల వెంట్రుకలు మొలుస్తాయి. ఆ గుణం చూసి ఈ జబ్బుకి బాగుంటుందని ఆశపడ్డారు. 2019లో ఆస్ట్రేలియా వైద్యులు ప్రకటించిన చిన్న పరీక్షలో, మూడు నెలల్లో, ఉత్తుత్తి బిళ్ళ కంటే ఇది మెరుగని గట్టిగా రుజువు కాలేదు. రక్తపోటునీ, మూత్రపిండాల్నీ కనిపెట్టుకుని వుండాలి. అందుకని ఇప్పుడు నేను దీని జోలికి వెళ్లడం తక్కువ.

కొత్తగా వచ్చిన జాక్ మందులు

ఇక అందరూ అడుగుతున్న బిళ్ళలు. వీటి కథ తెలుసుకోదగ్గది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆంజెలా క్రిస్టియానో అనే శాస్త్రవేత్త వున్నారు. ఆవిడకే ఈ జబ్బు వచ్చింది. దాంతో తన పరిశోధన దీని మీదికి మళ్లించారు. 2010లో ఆవిడ బృందం ఈ జబ్బుకి సంబంధించిన జన్యువుల జాడ తీసింది. ఆ దారిన వెళ్తే తేలిందేమంటే, టి కణాలకీ వెంట్రుక మొదలుకీ మధ్య రాయబారాలు నడుస్తున్నాయి. కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే కబురు పంపితే, అటునుంచి ఇంటర్‌ల్యూకిన్ 15 అనే మరో కబురు వస్తుంది, దాంతో ఇంకా సిపాయిలు పోగవుతారు. ఈ కబుర్లను కణం గడప దగ్గర అందుకుని లోపలికి చేరవేసే తపాలా బంట్రోతుల పేరే జానస్ కైనేజ్‌లు, పొట్టిగా జాక్. బంట్రోతుని గుమ్మంలోనే ఆపేస్తే కబురు చేరదు, ముట్టడి సడలిపోతుంది.

2014లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు, ఒంటిమీద వెంట్రుకే లేని 25 ఏళ్ల యువకుడికి టోఫాసిటినిబ్ ఇస్తే జుట్టు, కనుబొమ్మలు మొలిచిన సంగతి ప్రకటించారు. అప్పటికి అది కీళ్లవాతం బిళ్ళ. అక్కణ్ణించి ఈ వైద్యం కొత్త మలుపు తిరిగింది. ఇప్పుడు లెక్కలు చూద్దాం. ఇక్కడ గెలుపు అంటే సాల్ట్ స్కోరు 20కి దిగడం, అంటే తలలో కనీసం 80 పాళ్లు కప్పేంత జుట్టు రావడం.

టోఫాసిటినిబ్: 2016లో అచ్చయిన పరిశీలనలో 66 మంది మూడు నెలలు వాడితే, నూటికి 32 మందికి పోయిన జుట్టులో సగానికి పైగా మెరుగు కనిపించింది. కాని ఇందులో పోల్చడానికి ఉత్తుత్తి బిళ్ళ వర్గం లేదు. ఆపిన కొద్ది వారాలకే మళ్లీ రాలింది. ఈ జబ్బుకి అమెరికాలో దీనికి అధికారికమైన అనుమతి లేదు. మన దేశంలో తయారయ్యే బిళ్ళలు చవకగా దొరుకుతాయి కనుక డాక్టర్లు తమ విచక్షణతో చాలామందికి ఇస్తున్నారు.

బారిసిటినిబ్: పెద్దల్లో తీవ్రమైన జబ్బుకి అమెరికా ప్రభుత్వం అనుమతించిన మొదటి మింగే మందు ఇదే, 2022 జూన్‌లో. రెండు పెద్ద పరీక్షలు కలిపి 1200 మంది. 36 వారాలకి, రోజుకి 4 మిల్లీగ్రాములు మింగినవారిలో నూటికి 36 నుంచి 39 మంది గెలిచారు. 2 మిల్లీగ్రాములవారిలో 19 నుంచి 23 మంది. ఉత్తుత్తి బిళ్ళవారిలో ముగ్గురు నుంచి ఆరుగురు. జబ్బు నాలుగేళ్లకి లోపుదైతే ఫలితం మెరుగ్గా వుంది. 2021లో కరోనా రెండో విడత విజృంభించినప్పుడు మన దేశంలో దీన్ని అత్యవసరంగా తయారు చేశారు. హైదరాబాదులోని నాట్కో కూడా అందులో వుంది. చాలామంది ఇళ్లకి ఈ పేరు అప్పుడే తెలిసింది.

రిట్లెసిటినిబ్: 2023 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. 12 ఏళ్లు నిండిన పిల్లలకి కూడా పనికి వస్తుందని అనుమతి పొందడం దీని విశేషం. 718 మంది మీద జరిగిన పరీక్షలో రోజుకి 50 మిల్లీగ్రాములు వాడినవారిలో 24 వారాలకి నూటికి 23 మంది, ఉత్తుత్తి బిళ్ళవారిలో ఇద్దరు గెలిచారు.

డ్యూరుక్సోలిటినిబ్: 2024 జూలైలో అమెరికాలో పెద్దలకి అనుమతించారు. మన దేశపు కంపెనీ సన్ ఫార్మా చేతిలో వున్న మందు. రోజుకి రెండుసార్లు 8 మిల్లీగ్రాముల చొప్పున 24 వారాలు వాడితే నూటికి 30 మంది దాకా గెలిచారు.

ఈ అంకెలు చూసి, 39 పెద్దదా 23 పెద్దదా అని బజారులో బేరమాడినట్టు తేల్చకండి. ఒక పరీక్ష 36 వారాలది, ఇంకోటి 24 వారాలది. రోగులు వేరు, జబ్బు వయసు వేరు. ఒకే పరీక్షలో ఈ మందుల్ని ఎదురెదురుగా నిలబెట్టిన పెద్ద పోటీ జరగలేదు. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే మంచి అంకె తీసుకున్నా, ఆ గడువులో నూటికి 60 మందికి అనుకున్నంత జుట్టు రాలేదు. వారిలో కొందరికి కొంత వచ్చింది, కొందరికి ఇంకా నెలలు ఆగాక వచ్చింది, కొందరికి అసలు రాలేదు.

నాణేనికి రెండో వైపు

జానస్ రోమనుల దేవుడు. ఆయనకి రెండు ముఖాలు. ఈ మందులకీ అంతే. ఆపేసిన కబుర్లలో క్షయ క్రిమిని అణచివుంచే కబురూ వుంటుంది. మన దేశంలో ఎందరి ఒంట్లోనో క్షయ క్రిమి చప్పుడు చేయకుండా పడుకుని వుంటుంది. అందుకని బిళ్ళ మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష లేదా ఇగ్రా అనే రక్తపరీక్ష తప్పనిసరి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి, రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాలు, కొలెస్టరాల్ కూడా చూడాలి. తర్వాత కూడా గడువు ప్రకారం చూస్తూ వుండాలి.

మామూలుగా వచ్చే చిన్న ఇబ్బందులు మొటిమలు, జలుబు, గొంతునొప్పి, కొలెస్టరాల్ కొంచెం పెరగడం. సర్పి లేవడం కూడా వుంది. పెద్దవి అరుదు. కాని అవి నిజంగానే పెద్దవి: తీవ్రమైన అంటురోగాలు, రక్తం గడ్డకట్టడం, గుండెపోటు, క్యాన్సర్. ఇవి బయటపడింది 50 ఏళ్లు దాటి, గుండెజబ్బు అవకాశం వున్న కీళ్లవాతం రోగులకి టోఫాసిటినిబ్ ఇచ్చిన పరీక్షలో. దాన్నిబట్టి 2021లో అమెరికా ప్రభుత్వం ఈ జాతి మందుల్లో అప్పటికి వాడుకలో వున్న ముఖ్యమైన వాటికి గట్టి హెచ్చరిక అచ్చువేయించింది. పాతికేళ్ల ఆరోగ్యవంతుడికి అంత ప్రమాదం వుండదు. కాని పొగతాగేవారూ, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర వున్నవారూ, వయసు మళ్లినవారూ పది సార్లు ఆలోచించాలి. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ వాడకూడదు. మందు వాడుతుండగా సజీవ క్రిములతో చేసిన టీకాలు వేయించుకోకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: ఈ మందులు ముట్టడిని ఆపుతాయి గాని వైరాన్ని తీర్చవు. బారిసిటినిబ్‌తో జుట్టు వచ్చినవారికి మందు మార్చి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూస్తే, కాలక్రమంలో ఎక్కువమందికి మళ్లీ రాలింది. అంటే మొదలుపెట్టేటప్పుడే, ఆపేటప్పటి సంగతి ఆలోచించుకోవాలి.

ఆ అమ్మాయి ఏం నిర్ణయించుకుంది?

అంతా విని తండ్రి స్టెరాయిడ్ల వైపే మొగ్గారు. “పెళ్లి పీటల మీద కూర్చునే వరకు నిలిస్తే చాలు” అన్నారు. “మాష్టారూ, పీటల మీద నుంచి లేచాక రాలితే అప్పుడెవరికి చెప్పుకుంటారు?” అన్నాను. ఆయన తల వంచుకున్నారు.

ఆ అమ్మాయి రెండు రోజుల తర్వాత ఒక్కతే వచ్చింది. పెళ్లికొడుకుని కలిసి, చున్నీ తీసి తల చూపించిందట. అతను కాసేపు మాట్లాడలేదట. తర్వాత “మందు వల్ల నీ ఆరోగ్యానికి ఏమీ కాదు కదా?” అని అడిగాడట. ఇంక వాళ్ల పెద్దలతో తానే మాట్లాడతానన్నాడట. ఇది చెప్పి, “ఇప్పుడు నాకు తొందర లేదు మేడమ్” అంది. ఆ మాటతో సగం వైద్యం తేలికైంది.

పరీక్షలు చేయిస్తే ఇగ్రాలో నిద్రాణమైన క్షయ బయటపడింది. ఎక్స్‌రే శుభ్రంగా వుంది. ముందు ఐసోనియాజిడ్ మొదలుపెట్టి, ఒక నెల గడిచాక బారిసిటినిబ్ ఇచ్చాం. ఐసోనియాజిడ్ ఆరు నెలలూ పూర్తి చేయించాం. కాలేయం పరీక్ష నెల నెలా చూశాం. నిజ శ్రావణంలో పెళ్లి విగ్గుతోనే జరిగింది. పూలజడ ఆ విగ్గుకే కుట్టారు. అప్పటికి తలలో మొలిచింది పీచులాంటి తెల్లని నూగు మాత్రమే. దసరాకి అది నల్లబడింది. కనుబొమ్మ వచ్చింది. తొమ్మిది నెలలకి స్కోరు 70 నుంచి 15కి దిగింది. విగ్గు పెట్టెలో పెట్టేసింది.

2025లో పిల్లలు కావాలనుకున్నారు. మందు ఆపక తప్పదు. ఆపితే ఏం జరగవచ్చో ఆవిడకి మొదటి రోజునుంచీ తెలుసు. డాక్టరు చెప్పిన గడువు పాటించి ఆపింది. కొన్ని నెలలకి వెనకవైపు రెండు మచ్చలు మళ్లీ కనిపించాయి. ఇప్పుడు అయిదో నెల. మొన్న పరీక్షకి వచ్చినప్పుడు ఆ మచ్చలు చూపించి, “వీటి సంగతి పురుడొచ్చాక, పాలు మానిపించాక చూద్దాం” అంది. వాళ్ల నాన్నగారు ఈసారి మందు పేరెత్తలేదు. పళ్ల సంచీ పట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నారు.

బిళ్ళ నోట్లో వేసుకునే ముందు

నా దగ్గరకు వచ్చేవారికి చెప్పేదే పాఠకులకీ చెబుతున్నాను. ఎవరికి ఏది అన్నది స్థూలంగా ఇలా వుంటుంది. కొద్ది మచ్చలకి బిళ్ళలు వద్దు. జబ్బు కొత్తగా, జోరుగా వుంటే కొద్దికాలం స్టెరాయిడ్, అదీ డాక్టరు కనుసన్నల్లో. సగం తల దాటి పోయినవారికి, పరీక్షలు బాగుండి, ఖర్చు భరించగలిగితే, ఎక్కువ రుజువు వున్నది జాక్ మందులకే. అవి పడనివారికీ, అందనివారికీ స్టెరాయిడ్ తోడుగా మెథోట్రెక్సేట్ ఇంకా పనికివచ్చే మందే. జుట్టుకి బలమని అమ్మే విటమిను బిళ్ళలు ఈ ముట్టడిని ఆపలేవు.

డాక్టరుని ఈ ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి. నా తలకి స్కోరు ఎంత? మందు పనిచేసిందో లేదో ఎన్ని నెలలకి తేలుస్తారు? ముందు ఏ పరీక్షలు, తర్వాత ఎన్నాళ్లకోసారి? ఎప్పుడు, ఎలా ఆపుతారు? ఆపాక రాలితే దారేమిటి? ఆడపిల్లలైతే, పెళ్లి, పిల్లల విషయం మీరే ముందు ఎత్తండి. మందుల షాపులో పాత చీటీతో కొనకండి. ఒకరి చీటీ ఇంకొకరు వాడకండి. జ్వరం, విడవని దగ్గు, ఆయాసం, పిక్కలో వాపు వస్తే వెంటనే డాక్టరుకి చూపించండి. తగ్గుతుందిలే అని ఇంట్లో కూర్చోవద్దు.

ఇంట్లో పెద్దలకి ఒక మాట. ఈ జబ్బు ప్రాణం తీయదు. కాని అద్దం ముందు నిలబడ్డ ప్రతిసారీ బాధపెడుతుంది. బళ్లో తోటి పిల్లలు ఏడిపిస్తున్నారేమో కనుక్కోండి, టీచరుతో మాట్లాడండి. “ఏదో చేశావు, అందుకే రాలింది” అనకండి. వైద్యం చేయించుకోవడం, చేయించుకోకపోవడం, విగ్గు పెట్టుకోవడం, రుమాలు కట్టుకోవడం, ఏదీ లేకుండా తిరగడం, ఇవన్నీ రోగి ఇష్టానికే వదిలిపెట్టండి. మందు మింగవలసింది రోగి. దాని మంచీ చెడూ అనుభవించవలసిందీ రోగే.